మూడో రంధ్రం

"కోట గోడ ఇది అనుకో అక్కా."

నిహారిక ఎడమచేయి పిడికిలి బిగించి చూపించింది. వేళ్ల కణుపులు వరసగా బురుజుల్లా లేచాయి. జడలో దోపుకున్న కనుబొమల పెన్సిల్ తీసి, కణుపుల కింద, చేతి వెనకభాగం మీద రెండు గీతలు ఒకదాని మీద ఒకటి గీసింది.

"తమ్ముడు పడ్డది ఇక్కడ."

లీలాకుమారి ఆ గుర్తు కేసి చూసింది. నిలువుగీత పొడుగు, అడ్డగీత పొట్టి. అడ్డగీత కొస కొక్కెంలా కిందికి వంగింది. ఆలోచించి గీసినది కాదు. హీరో ముఖం మీద గాయం ఎక్కడుంటుందో డూప్ ముఖం మీదా సరిగ్గా అక్కడే ఉండాలి కాబట్టి, మేకప్ వాళ్లు ముందుగా పెన్సిల్‌తో ఇలా గుర్తు పెట్టుకుంటారు. తమ్ముడి చావును కూడా మేకప్ పనిచేసే నిహారిక చేతికి అలవాటైన గుర్తుతోనే చూపించింది.

"లోపలికి వస్తావా?"

"రాను. ఆ రేకును నేను చూడలేను."

ఎందుకని లీలాకుమారి అడగలేదు. డిటెక్టివ్ కాకముందు ఆమె చాలాకాలం మానసిక ఆసుపత్రిలో రోగులతో మాట్లాడే ఉద్యోగం చేసింది. 'చూడలేను' అనే మాటకు రెండు అర్థాలుంటాయని అక్కడ నేర్చుకుంది. చూస్తే తట్టుకోలేనన్నది ఒకటి. చూస్తే తెలిసిపోతుందన్నది ఇంకొకటి. నిహారికది ఏదో తేల్చుకోకుండానే కారు దిగింది.

పోయిన వారం జూబ్లీహిల్స్‌లోని ఒక స్టూడియోలో, చారిత్రక సినిమా షూటింగులో, కోట గోడ మీంచి గాల్లోకి ఎగిరే షాటులో తాడు తెగి నిహారిక తమ్ముడు సిద్ధార్థ చనిపోయాడు. హీరోకి డూప్ అతను. మొదటి టేక్ బాగానే వచ్చింది. రెండో టేకులో ఎడమవైపు తాడు తెగింది. కవచం వీపు రేకులో ఉన్న ఒక రంధ్రం అంచు కత్తిలా ఉందనీ, అదే తాడును కోసిందనీ పోలీసులు తేల్చారు. ఆ కవచం చేసిన భిక్షం తప్పు ఒప్పుకున్నాడు. రేపు అతన్ని కోర్టులో హాజరుపరుస్తారు. నిహారిక మాత్రం నమ్మలేదు. "భిక్షం బాబాయి పని నేను ఏళ్లుగా చూస్తున్నాను. ఇది చేసినవాళ్లు వేరే ఎవరో ఉన్నారు. పట్టుకో అక్కా," అని వచ్చింది.

ఫిల్మ్‌నగర్‌లో భిక్షం షెడ్డు ముందు పోలీసు జీపు ఆగి ఉంది. లోపల గోడల నిండా డాళ్లు, కిరీటాలు, కడియాలు. వాటి మధ్య భిక్షం ముక్కాలిపీట మీద, చేతులు మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. అరవై దాటిన మనిషి. ఇన్‌స్పెక్టర్ కమలాకర్ అతని పక్కన నిలబడి, లోపలికి వస్తున్న లీలాకుమారిని చూసి నవ్వాడు.

"రండ్రి మేడమ్, రండ్రి. మీరు రాకుంటె నా కేసు క్లోజయ్యేటట్టు లేదు."

"క్లోజయ్యిందని పేపర్లో చదివానే."

"ఒప్పుకున్నడు గద. ఎక్కడ గూసొని కొట్టిండో, ఎట్ల కొట్టిండో చూపెట్టమని తీస్కొచ్చిన. పంచులు గూడ ఉన్నరు సాక్షికి." గుమ్మం దగ్గర నిలబడ్డ ఇద్దరు ఇరుగుపొరుగు వాళ్లను చేత్తో చూపించాడు. "మీరు మనసులు చదువుతరు మేడమ్. జడ్జిగారు సంతకం చదువుతరు. గాయన సంతకం నా దగ్గర ఉంది."

"ఆ రేకు ఒకసారి చూడనిస్తారా?"

"ముట్టకుండ చూడుండ్రి."

ప్లాస్టిక్ కవరులో ఉన్న వీపు రేకును కానిస్టేబుల్ బల్ల మీద పెట్టాడు. బయటివైపు బంగారు రంగు, లోపలివైపు ఒంటికి ఆనే నల్లరంగు. భుజాల దగ్గర రెండు రంధ్రాలు. వాటికి ఇత్తడి వలయాలు బిగించి ఉన్నాయి. కవచం లోపల డూప్ ఒక బెల్టుల జాకెట్ తొడుక్కుంటాడు. దాని భుజాలకున్న రింగుల నుంచి సన్నని తాళ్లు ఈ రంధ్రాల గుండా బయటికి వచ్చి, పైన ఇనుప తీగకు తగులుకుంటాయి. మూడో రంధ్రం ఎడమ నడుము దగ్గర, రేకు అంచుకు రెండు వేళ్ల దూరంలో ఉంది. తాడును కోసింది అదే. దానికి వలయం లేదు.

లీలాకుమారి వంగి చాలాసేపు చూసింది.

భుజాల దగ్గరి రంధ్రాల గోడల్లోకి బంగారు రంగు దిగి ఉంది. అంటే అవి రంగు వేయకముందే కొట్టినవి. మూడో రంధ్రం గోడ కొత్త రూపాయిలా మెరుస్తోంది. చుట్టూ రంగు పెచ్చులుగా లేచింది. రంధ్రం కొట్టే పంచ్ రేకులోకి దిగే వైపు అంచు నున్నగా వంగుతుంది, బయటికి వచ్చే వైపు సన్నని పదును లేస్తుంది. ఇక్కడ పదును నల్లరంగు వైపు, అంటే ఒంటివైపు లేచింది.

"ఇది రంగు వేశాక కొట్టింది," అంది.

"ఔను. గాయనే చెప్పిండు. మర్చిపొయి, రంగేసినంక యాదికొచ్చి కొట్టిండట. తొందర్ల రింగు ఎయ్యలే. అయిపొయింది."

"మిగతా రెండిటికంటే చిన్నది కూడా."

"చేతికి ఏ పంచ్ దొరికితె గది." కమలాకర్ గొంతులో విసుగు లేదు. ఓపికే ఉంది. ఆ ఓపికే లీలాకుమారిని భయపెట్టింది. ఒక మనిషితో ఏదైనా ఒప్పించడానికి దెబ్బలకంటే ఆ ఓపిక ఎక్కువ పనిచేస్తుంది.

ఆమె భిక్షం ఎదురుగా కూర్చుంది. "భిక్షం గారూ, ఈ మూడోది మీరే కొట్టారా?"

"నేనే కొట్టిన అమ్మా."

"ఎప్పుడు?"

"రంగేసినంక."

"ఎందుకు కొట్టారు? నడుము దగ్గర తాడు పెట్టమని ఎవరు చెప్పారు?"

భిక్షం కళ్లు ఒకసారి కమలాకర్ వైపు వెళ్లి తిరిగొచ్చాయి. జవాబు కోసం కాదు. ముందు ఏమని ఒప్పుకున్నాడో గుర్తు చేసుకోవడానికి. "ఎవరో చెప్పిండ్రు. పేరు యాదికి లేదు."

"సరే. ఎలా కొట్టారో నాకొకసారి చూపించండి."

"మేడమ్," అన్నాడు కమలాకర్, "గదే కదా నేను చేపిస్తున్న. మీరు రాకముందే చేపించిన. కొట్టి చూపిచ్చిండు."

"మీకు చూపించినప్పుడు ఏ రేకు ఇచ్చారు?"

"గాడ పడున్న తుక్కు ముక్క."

"రంగు లేనిది."

లీలాకుమారి గోడకు తగిలించి ఉన్న ఒక పాత భుజకవచం దింపింది. బయట బంగారం, లోపల నలుపు. అంచు దగ్గర సుద్దముక్కతో బంగారం వైపు చుక్క పెట్టి భిక్షం చేతికిచ్చింది. "ఇక్కడ కొట్టండి."

భిక్షం లేచాడు. బల్లకు బిగించిన చేతి పంచ్ ముందు నిలబడ్డాడు. చుక్కను ఒక్క క్షణం చూసి, బొటనవేలితో దాని చోటు పట్టుకుని, రేకును బోర్లించాడు. నల్లవైపు పైకి వచ్చింది. వెనక బొటనవేలున్న చోటుకు సరిగ్గా ఎదురుగా గోటితో గీత పెట్టాడు. పంచ్ మధ్యలో ఉన్న సూదిమొన ఆ గీత మీద ఆనేలా రేకును జరిపాడు. పిడి కిందికి లాగాడు. టక్కున చప్పుడైంది. బిళ్ల కింది డబ్బాలో పడింది. రేకును తిప్పి, బంగారంవైపు లేచిన పదునును ఆకురాయితో నాలుగువైపులా దువ్వాడు. అంతటితో ఆపలేదు. బల్ల సొరుగులోంచి దూది తీసి, పోగులా నలిపి, రంధ్రం లోంచి దూర్చి చుట్టూ లాగాడు. ఒకచోట పోగు చిక్కింది. మళ్లీ ఆకురాయి. మళ్లీ దూది. ఈసారి జారింది.

అప్పుడు గానీ తన చుట్టూ జనం ఉన్నారని అతనికి గుర్తు రాలేదు.

లీలాకుమారి కమలాకర్ వైపు చూసింది. "నేను చుక్క బంగారంవైపు పెట్టాను. ఆయన తిప్పి, ఒంటివైపు నుంచే కొట్టాడు. మూడో రంధ్రం బంగారంవైపు నుంచి కొట్టింది. పదును ఒంటికి తగలకూడదు కదా. దూది చిక్కితే తాడూ చిక్కుతుంది. ఇవేవీ ఆయన మనకోసం చేయలేదు. ఆయన నోరు ఒప్పుకుంది, ఇన్‌స్పెక్టర్ గారూ. చేతులు ఒప్పుకోవడం లేదు."

"దూదితోని కేసు గెలుస్తరా మేడమ్?" కమలాకర్ అన్నాడు. కానీ ఆ మాటకు ముందున్న బిగువు లేదు. అతను మూర్ఖుడు కాడని ఆమెకు తెలుసు. మూర్ఖుడైతే ఇప్పుడు అరిచేవాడు. అతను వచ్చి భిక్షం ఎదుట నిలబడ్డాడు. "ఏం పెద్దమనిషీ, కొట్టకుంటె కొట్టిన అని ఎందుకన్నవ్?"

భిక్షం చేతిలోని దూదిని చూసుకున్నాడు. "మీరు శానసార్లు అడిగిండ్రు సార్. ఒక్కటే తీర్గ. పొద్దుగాల అడిగిండ్రు, మాపటికి అడిగిండ్రు. వినంగ వినంగ నేను కొట్టినట్టె యాదికొచ్చింది. ఆ పోరడు పడ్డది నా రేకు తొడుక్కునే గద."

కమలాకర్ తల తిప్పుకున్నాడు.

"అంత చిన్న రంధ్రం కొట్టే పంచ్ మీ దగ్గరుందా?" లీలాకుమారి అడిగింది.

"లేదమ్మా. గిసొంటిది సెట్టు మీద కాస్ట్యూమ్ వ్యాన్‌ల ఉంటది. పట్టకారు లెక్క ఉంటది, చేత్తోని ఒత్తుడే. బెల్టులకు గిట్ల. అది రెండు వేళ్లకన్న లోపటికి అందదు."

రెండు వేళ్లు. మూడో రంధ్రం అంచు నుంచి ఉన్నంత దూరం.

"నాకు కొట్టినోడు కావాలె," అన్నాడు కమలాకర్ జీపు వైపు నడుస్తూ. "కొట్టనోణ్ని చూపెట్టి ఫాయిదా లేదు. ఉంటె పట్కరండ్రి. లేకుంటె రేపు గాయన సంతకమే నడుస్తది. ఫికర్ మీది, నాది కాదు."

*

స్టూడియో బయట నిహారిక కారులోనే ఉండిపోయింది. పోలీసులు షూటింగు ఫ్లోరు తిరిగి అప్పగించారు కాబట్టి మళ్లీ షూటింగు మొదలైంది. ఆగిపోయిన ఆ షాటే తీస్తున్నారు. కొత్త డూప్, స్పేర్ కవచం.

ఫ్లోరు వెనక, నీడలో, వరప్రసాద్ తాళ్లు చుట్టుకుంటూ కూర్చున్నాడు. డూప్‌లకు తాళ్లు కట్టేది అతనే. భీమవరం వైపు నుంచి వచ్చి ఇరవై ఏళ్లయింది. చుట్టిన తాడునే విప్పి మళ్లీ చుట్టడం లీలాకుమారి దూరం నుంచే గమనించింది.

"పోలీసులకి చెప్పేశానండీ అన్నీ," అన్నాడు తలెత్తకుండా.

"ఏం చెప్పారు?"

"ఏముందండీ. రేకు పదునుగా ఉంది, తెగింది."

"మీరు తాడు ఎక్కించేటప్పుడు చేత్తో తడిమి చూడరా?"

"చూస్తానండీ."

"ఆ రోజు?"

"చూశానండీ. హడావిడిలో..." తాడు చుట్టడం ఆగింది. "అన్నీ చూడగలమా మేడమ్. అవతల డైరెక్టరు గారు అరుస్తుంటే."

"ఎడమ భుజం దగ్గర చక్కటి రంధ్రం ఉంది. ఇత్తడి రింగుతో సహా. దాన్ని ఖాళీగా వదిలేసి, రింగు లేని నడుము రంధ్రంలోంచి తాడు తెచ్చారు. ఎందుకు?"

"ఫైట్ మాస్టర్ గారు చెప్పారు."

"మాస్టర్ గారిని అడిగే వచ్చాను. అసలు మూడో రంధ్రం ఉందనే ఆయనకు తెలియదు."

ఇక ఆమె ఏమీ అడగలేదు. పక్కనే ఉన్న పెట్టె మీద కూర్చుంది. మాట్లాడనివాడి ముందు మనం మాట్లాడుతూ ఉంటే, వాడు దాక్కోవడానికి మన మాటలే చాలు. మౌనంలో దాక్కోవడానికి చోటు ఉండదు. వరప్రసాద్ తాడు కొస పట్టుకుని దాని పోగులు ఒక్కొక్కటే విడదీయసాగాడు. లోపల ఎవరో లైట్లు సరిచేయమని కేకలు వేస్తున్నారు.

"భిక్షం గారు ఒప్పేసుకున్నాడంట కదండీ," అన్నాడు చివరికి.

"ఆయన చేయలేదు. మీకు తెలుసు."

"నాకెలా తెలుస్తుందండీ?"

"మొన్నటి నుంచి మీరు ఆ షెడ్డు ఉన్న వీధిలోంచి వెళ్లడం మానేశారట. చుట్టూ తిరిగి వెళ్తున్నారు. కాంటీన్‌లో అందరూ చెప్పుకుంటున్నారు."

వరప్రసాద్ ముఖం అరచేతుల్లో పెట్టుకున్నాడు. ఏడవలేదు. ఊపిరి మాత్రం కొంతసేపు గట్టిగా వినిపించింది.

"వాడే అడిగాడండీ," అన్నాడు. "సిద్ధూ. ఎనిమిదేళ్లు డూప్‌గా చేశాడు. ఒక్క సినిమాలో కూడా వాడి మొహం లేదు. ఉండకూడదు కదండీ, డూప్ మొహం పడితే షాటు పోయినట్టే. భుజాలకు తాళ్లు కడితే మనిషి నేలకేసి చూస్తూ వేలాడతాడు. ఎడమ తాడు నడుముకి మారిస్తే ఎడమ పక్క లేచి, ఒళ్లు తిరుగుతుంది. మొహం కెమెరా వైపొస్తుంది. 'ఒక్క షాటన్నా. నోరు తెరిచి అరిచినట్టు పడతాను. ఎవరూ పట్టుకోలేరు. మా అక్క థియేటర్లో చూడాలి,' అన్నాడండీ."

"రంధ్రం ఎవరు కొట్టారు?"

"వాడే. కాస్ట్యూమ్ వ్యాన్‌లో చేతి పంచ్ ఉంటుంది. భోజనాల టైములో వ్యాన్ వెనక కూర్చుని కొట్టుకున్నాడు. నా దగ్గరికి తెచ్చేసరికే అయిపోయింది. పదును దువ్వరా అన్నాను. 'టైము లేదన్నా, ఒక్క టేకే కదా,' అన్నాడు. ఆ ఒక్క టేకూ బాగానే వచ్చిందండీ! డైరెక్టరు గారు మానిటర్ చూసి లేచి నిలబడ్డారు. ఆ వంపు చూశారా, ఎంత బాగుందో, ఇంకొకటి చేద్దాం అన్నారు. వాడు నాకేసి చూసి కన్ను కొట్టాడు."

తాడు కొస పూర్తిగా పోగులైపోయింది.

"ఆ వంపే ఇవాళ కూడా కావాలంటున్నారు. కుదరదని చెప్పేశాను. భుజాలకే కడతానన్నాను."

"రంధ్రం కొట్టిన చోటుకి గుర్తు ఎవరు పెట్టారు? తొడుక్కున్నవాడు తన వీపుకి తానే గుర్తు పెట్టుకోలేడు. బంగారంవైపు గుర్తుంటేనే కదా అటు నుంచి కొట్టేది."

"తెలీదండీ. గుర్తయితే ఉంది." వరప్రసాద్ జేబులోంచి పర్సు తీశాడు. లోపలి అరలోంచి చిన్న రేకు బిళ్ల తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. "కొట్టినప్పుడు పడింది. 'దాచు అన్నా, రిలీజ్ రోజు చూపిస్తే నీకు బిర్యానీ,' అన్నాడు. పారేద్దామంటే చెయ్యి రావట్లేదండీ."

గోరంత బిళ్ల. ఒకవైపు నలుపు, ఒకవైపు బంగారం. బంగారం మీద ముదురు గోధుమరంగు గీతలు రెండు, ఒకదాని మీద ఒకటి. మధ్యలో పంచ్ సూదిమొన గుచ్చిన గుంట. అడ్డగీత కొస కొక్కెంలా కిందికి వంగింది.

లీలాకుమారి వేళ్లు ముడుచుకున్నాయి.

"ఇప్పుడే స్టేషన్‌కి వెళ్లి ఇదంతా ఇన్‌స్పెక్టర్ కమలాకర్ గారితో చెప్పండి," అంది. "ఆలస్యం చేస్తే మళ్లీ మనసు మారుతుంది. మీకే."

"షాటు ఉందండీ."

"మీరు లేకపోతే ఆగదా?"

"ఆగదు లెండి. మా రాఘవేంద్ర చూసుకుంటాడు, అసిస్టెంటు." అతను లేచాడు. లేచిన మనిషి పీడకల లోంచి లేచినట్టున్నాడు. "వెళ్తానండీ. భిక్షం గారి మొహం చూసి చెప్పేస్తాను."

బైకు గేటు దాటే వరకూ ఆమె చూస్తూ నిలబడింది. ఒక నిర్దోషి బయటపడతాడు. ఆమె పని పూర్తయింది. కానీ కాళ్లు కారు వైపు కదల్లేదు. గేటు పక్క బడ్డీలో టీ తీసుకుని, వద్దనుకుంటూనే తాగింది. ఇంకొకటి తీసుకుంది. తప్పు చేసినవాళ్లను పట్టుకోమని అడిగిన మనిషికి ఆ గుర్తు నీదేనని ఎలా చెప్పాలి? చెప్పకుండా ఉండవచ్చు. వరప్రసాద్ మాట ఒక్కటే భిక్షాన్ని విడిపించడానికి సరిపోవచ్చు. బిళ్ల చూపిస్తే తిరుగుండదు. సరిపోవచ్చు అన్న మాట మీద ఒక ముసలివాణ్ని వదిలేయగలదా? టీ చల్లారేదాకా ఆమె ఈ లెక్క వేస్తూనే ఉంది. అది నిజానికి లెక్క కాదు, వాయిదా. అది కూడా ఆమెకు తెలుసు.

*

"తెలిసిందా అక్కా?"

కారు తలుపు వేసి లీలాకుమారి అరచేయి తెరిచింది.

నిహారిక బిళ్లను తీసుకుని వెలుతురులోకి తిప్పింది. చూసింది. తర్వాత తన ఎడమచేతి వెనకాల, పొద్దున గీసిన గీతల కూడలి మీద దాన్ని పెట్టింది. రెండు గుర్తులూ ఒక్కటిగా కలిశాయి.

బిళ్ల మీంచి కళ్లు ఎత్తలేదు. "రేకు గుచ్చుకుంటోందన్నాడు. ఇక్కడ నొక్కుతోంది అక్కా, గుర్తు పెట్టు, స్పాంజి అతికించుకుంటాను అన్నాడు. తొడుక్కుని నిలబడ్డాడు. నేను వెనక నిలబడి..."

"నీకు తెలియదు, నిహారికా."

"నేనే చేశాను. వాణ్ని నేనే..."

"ఆగు." ఆ గొంతును లీలాకుమారి గుర్తుపట్టింది. పొద్దున షెడ్డులో భిక్షం 'నేనే కొట్టిన అమ్మా' అన్నది ఈ గొంతుతోనే. ఒకరు పోతే, ఆ చావు ఎవరో ఒకరి చేతికి అంటుకునే దాకా నిలవదు. దగ్గరున్నవాళ్లు తమ చేతులే చాచి పట్టుకుంటారు. "నువ్వు గీత గీశావు. అంతే. ఆ గీత దేనికో వాడు నీకు చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు థియేటర్లో చూసి ఉలిక్కిపడాలని."

నిహారిక కిటికీ వైపు తిరిగింది. భుజాలు కదులుతున్నాయి. తర్వాత ఉన్నట్టుండి అవి ఆగిపోయాయి. నెమ్మదిగా ఇటు తిరిగింది. ముఖంలో దుఃఖం లేదు. దాని చోట ఇంకేదో వచ్చింది.

"అక్కా, ఇది ఒక్కటే దొరికిందా?"

"ఒక్కటే. ఏం?"

"నేను రెండు గుర్తులు పెట్టాను. వాడి రేకుకొకటి, స్పేర్ రేకుకొకటి. ఏది ఇస్తారో తెలీదు అక్కా, రెండిటికీ పెట్టు అన్నాడు."

స్పేర్ కవచం. లీలాకుమారికి ముందు ఆ మాట వినిపించింది. తర్వాత మిగతావి ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. డైరెక్టరుకు ఆ వంపే కావాలి. వరప్రసాద్ కుదరదన్నాడు. ఆ వరప్రసాద్‌ను స్టేషన్‌కు పంపింది తనే. రాఘవేంద్రకు ఏమీ తెలియదు, తప్పు ఆ ఒక్క రేకుదే అనుకుంటాడు. ఏమీ తెలియని అసిస్టెంటు ఏం చేస్తాడు? సినిమావాళ్లు అందరూ చేసేదే చేస్తాడు. మానిటర్‌లో పాత టేక్ చూస్తాడు. తాడు ఎక్కడి నుంచి వస్తోందో చూస్తాడు. కంటిన్యూటీ చెడకుండా అచ్చం అలాగే కడతాడు. సిద్ధార్థ రెండిటికీ కొట్టే ఉంటాడు, రంధ్రం అక్కడే సిద్ధంగా ఉంటుంది.

ఆమె అప్పటికే కారు దిగి పరుగెత్తుతోంది. వెనక నిహారిక చెప్పుల చప్పుడు.

ఫోనులు గేటు దగ్గరే డబ్బాలో పెట్టించుకుంటారు. లోపల ఎవరికీ ఫోను చేసే దారి లేదు. వాచ్‌మన్ అరిచాడు. నిహారికను గుర్తుపట్టి తప్పుకున్నాడు. కాస్ట్యూమ్ వ్యాన్ తలుపులు తెరిచి ఉన్నాయి. స్పేర్ కవచం తగిలించే స్టాండు ఖాళీగా ఉంది. ఫ్లోరు తలుపు మీద ఎర్రదీపం వెలుగుతోంది. ఆ దీపం వెలుగుతుండగా ఆ తలుపును నిర్మాత కూడా తీయడు. తలుపు ముందు స్టూలు మీద కూర్చున్న మనిషి లేచి చేతులు అడ్డం పెట్టాడు.

"షాట్ నడుస్తుంది మేడమ్. తియ్యొద్దు. నా నౌకరి పోతది."

"ఎన్నో టేకు?"

"మొదటిది ఓకే అయ్యింది. సార్ ఇంకోటి అడిగిండు."

లీలాకుమారి అతని చేతి కిందుగా దూరి, బరువైన ఆ తలుపును భుజంతో నెట్టింది.

లోపల ఎవరూ ఇటు చూడలేదు. అందరి తలలూ పైకి ఎత్తి ఉన్నాయి. కోట గోడకు ఎంతో ఎత్తున, బంగారు కవచంలో ఒక మనిషి తీగకు వేలాడుతూ మెల్లగా ఊగుతున్నాడు.

డూప్ ముఖం నేలకేసి ఉండాలి. అతని ముఖం కెమెరా వైపు తిరిగి, నిండా వెలుతురులో ఉంది.